జబ్బు జీతం పేచీలో మన బరంపురం గిరి

జబ్బు చేసి మంచమెక్కిన కార్మికుడికి జీతం ఎవరివ్వాలి? పని చేయని రోజుకు డబ్బు ఇవ్వడమేమిటని యజమాని అంటాడు. నాలుగు రోజులు కూలి లేకపోతే పొయ్యి వెలగదని కార్మికుడు అంటాడు. మన దేశంలో దశాబ్దాలు నడిచిన ఈ పేచీతో ముడిపడిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి. రాష్ట్రపతిగా ఆయన అందరికీ తెలుసు. కార్మికుల గిరిగా తెలిసినవారు ఇప్పుడు తక్కువ.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలోది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. గిరి కూడా లా చదవడానికి 1913లో ఐర్లాండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. అదే ఏడాది అక్కడి యజమానులు సంఘంలో చేరిన కార్మికులను గేటు బయటే నిలిపేశారు. దాదాపు 20 వేల మంది నెలల తరబడి పస్తులున్నారు. కార్మికుడి కష్టం ఎలా ఉంటుందో కుర్రవాడైన గిరి అక్కడే చూశారు. ఐరిష్ స్వాతంత్య్రవాదులతో తిరిగినందుకు 1916లో ఆయన ఆ దేశం వదిలి రావాల్సి వచ్చింది.

ఖరగ్‌పూర్ నుంచి జెనీవాకు

తిరిగొచ్చాక రైల్వే కార్మికుల్లోకి వెళ్లారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య ఏర్పాటులో ముందున్నారు. మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ఖరగ్‌పూర్‌లో, ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను 1928లో నడిపించారు.

అంతకు ముందు ఏడాది, 1927లో, జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. జబ్బు బీమా తప్పనిసరి చేయాలన్న ఒడంబడికలు ఆ సభలోనే ఆమోదం పొందాయి. ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వం మాత్రం వాటిని తలకెత్తుకోలేదు. కార్మికులు ఒకచోట నిలకడగా ఉండరని, డాక్టర్లు చాలరని, ఖర్చు ఎక్కువని సాకులు చెప్పింది.

1937 ఎన్నికల్లో గిరి బొబ్బిలి రాజాను ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. స్వాతంత్య్రం వచ్చాక 1951 దాకా సిలోన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్నారు.

యజమానుల బెంగ

ఆయన సిలోన్‌లో ఉండగానే 1948లో పార్లమెంటు ఈఎస్ఐ చట్టం చేసింది. దీనికి మూలం 1944లో ఆచార్య బి.పి. అదార్కర్ ఇచ్చిన నివేదిక. చట్టమైతే వచ్చింది గానీ అమలుకు నాలుగేళ్లు పట్టింది. ముందు కాన్పూర్, ఢిల్లీలలో మొదలుపెడదామంటే అక్కడి యజమానులు అడ్డం తిరిగారు. మేమొక్కళ్లమే చందా కడితే మా సరుకు ధర పెరుగుతుంది, కట్టని ఊళ్లవాళ్లు మా బేరం తన్నుకుపోతారన్నది వాళ్ల వాదన. దొంగ జబ్బులు పెరుగుతాయన్న అనుమానం సరేసరి.

ఆ బెంగలో నిజం లేకపోలేదు. అందుకే చట్టాన్ని పక్కన పెట్టకుండా 1951లో సవరించారు. పథకం వచ్చిన ఊళ్లలో యజమాని జీతాల బిల్లుపై 1.25 శాతం, ఇంకా రాని ఊళ్లలో 0.75 శాతం కట్టాలన్నారు. భారం దేశమంతా పంచినట్టయింది. జబ్బు జీతం యజమాని జేబులోంచి కాక ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. బీమా డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ఇచ్చేది సుమారు సగం జీతం, ఏడాదికి ఎనిమిది వారాలే. ఆ రోజుల్లో కార్మికుణ్ని ఉద్యోగంలోంచి తీయడానికి వీల్లేదు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు.

గిరి దారి

ఆ ఏడాదే పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన గిరి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఆ హోదాలో ఈఎస్ఐ సంస్థకు ఆయనే చైర్మన్. పథకాన్ని ఊరూరికీ తీసుకెళ్లే పని నెత్తిన పడింది. 1953లో పంజాబ్‌కు, 1954లో నాగపూర్‌కు చేరింది. మన పద్మశాలీలు మగ్గాలు నడిపిన బొంబాయి మిల్లులకూ అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చింది.

అప్పటికి గిరి మంత్రి పదవిలో లేరు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడం నచ్చక రాజీనామా చేశారు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి, కోర్టు చివరి మెట్టు కావాలి అన్నదే ఆయన పద్ధతి. దానికి గిరి విధానమనే పేరు స్థిరపడింది.

తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరులకు గవర్నరుగా, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా పనిచేశారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

ఆ పేచీ తర్వాతా ఆగలేదు. జబ్బు జీతం 70 శాతానికి, 91 రోజులకు పెరిగింది. యాజమాన్యాల మొర విని 2019 జూలైలో వాళ్ల వాటాను 4.75 నుంచి 3.25 శాతానికి, కార్మికుడి వాటాను 1.75 నుంచి 0.75కు తగ్గించారు. యజమాని లెక్కా వినాలి, రోగి కూడూ పోకూడదు. రెండూ కుదురుతాయని 1951 సవరణ చూపింది. మాట్లాడుకుంటే కుదురుతాయని మన బరంపురం వకీలు కొడుకు బతుకంతా నమ్మాడు.