పాస్కల్ విడిచిన యిల్లు

బుద్ధియు రుజువును ఉన్నచాలును, నీతిగా నడచుటకు దేవునితో పనియేమి అని చదువుకొనిన యువకులు అప్పుడప్పుడు మమ్ము అడుగుదురు. అది కోపగించుకొనవలసిన ప్రశ్న కాదు. బుద్ధియందును రుజువునందును ఎవనికిని తీసిపోని ఒక మనుష్యుని జీవితమును ఈ మాసము ప్రియ చదువరుల యెదుట ఉంచుచున్నాము.

బ్లేజ్ పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్సు దేశమందలి క్లెర్మాఁ పట్టణములో పుట్టెను. పసితనముననే తల్లి చనిపోయెను. తండ్రి పన్నుల అధికారి. ఆయన లెక్కలతో అలసిపోవుట చూచి, ఇరువది యేండ్లయినను నిండని కుమారుడు, చక్రములు త్రిప్పి కూడికలు తీసివేతలు చేయు యంత్రమును కల్పింప మొదలుపెట్టెను.

గాలికి బరువు కలదా అని ఆ కాలపు పండితులు వాదించుకొనుచుండిరి. పెద్దలు చెప్పిరని పాస్కల్ ఊరకుండలేదు. పాదరసము పోసిన గాజు గొట్టమును కొండమీదికి మోసికొనిపోయి చూడుమని తన బావకు వ్రాసెను. 1648 సెప్టెంబరు 19న బావ పూయి ద డోమ్ కొండ యెక్కెను. పైకి పోగా పాదరసము మూడంగుళములకు పైగా దిగెను. క్రింద మఠపు తోటలో మరియొక గొట్టమును ఒక సన్యాసి దినమెల్ల కనిపెట్టి చూడగా, అందులో మార్పే లేదు. రుజువనగా ఇట్లుండవలెను! అయితే గొట్టము ఉన్నదానిని చూపును గాని, మనము చేయవలసినదానిని చూపదు.

1654 నవంబరు 23 రాత్రి సుమారు రెండు గంటలసేపు దేవుని సన్నిధి ఆయనను ఆవరించెను. ఆ సంగతి వ్రాసికొని, కోటు లోపల కుట్టుకొని, మరణమువరకు దాచుకొనెను. ఆ తరువాత ఒక సేవకుడు దానిని కనుగొనెను.

ఆయన రోమను సంఘస్థుడు. అయినను 1656-57లో 18 లేఖలు ప్రకటించి, తన సంఘమందలి జెస్యూట్ గురువులనే ఎదిరించెను. వారు బుద్ధిహీనులు కారు, తర్కములో ఆరితేరినవారు. పరువుకొరకు మనుష్యుని చంపుటకు సహితము వారిలో కొందరు తర్కముతో దారి చూపిరని ఆయన అభియోగము. లేఖలలో కటుత్వము లేకపోలేదు. కాని పదునైన బుద్ధి పాపమునకును వకాల్తా పుచ్చుకొనగలదు. మన పంచాయతీలలో మనము చూడని సంగతియా?

1662 మార్చిలో ఆయన పూనికవలన పారిసు వీధులలో అయిదు సూ నాణెములకే ప్రయాణికులను ఎక్కించుకొను గుర్రపు బండ్లు నడచెను. తనకు రావలసిన లాభము పేదలకేయని ఆయన తలంపు.

అప్పటికే ఆయన రోగి. ఒక పేద కుటుంబమును తన యింట ఉంచుకొనియుండగా, వారి బిడ్డకు మశూచి సోకెను. ఆయనకు ఉపచారము చేయవచ్చు అక్క గిల్బెర్త్ పిల్లల తల్లి; అంటువ్యాధి ఆ పిల్లలకు పోవునని భయము. ఎవరో ఒకరు ఇల్లు విడువవలెను. బిడ్డను పంపక, జూన్ 29న పాస్కలే తన యిల్లు విడిచి అక్క యింటికి పోయెను.

ఇక్కడ బుద్ధి పనిచేయలేదని మేము చెప్పము. కదలించుటవలన ఎవరికి ఎక్కువ అపాయమో ఆయన ఎంచి చూచెను. తనకంటె బిడ్డకే యని తేల్చుకొనెను. కాని పండితుని ప్రాణమును, పేదవాని బిడ్డ ప్రాణమును ఒక్క తూకమున ఉంచినదెవరు? ఆ సమానత ఏ కొండమీదను కొలిచి తెచ్చినది కాదు. లూకా 10వ అధ్యాయములోని ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడెవడని అడుగగా, ప్రభువు రుజువులు చూపక, దారిని పడియున్న గాయపడినవాని కథ చెప్పెను.

దేవుని నమ్మనివారును ఇట్టి దయ చూపుదురు. మన గ్రామములలోనే కలరు. వారిని తక్కువ చేయుట మనకు తగదు. రోమా పత్రిక 2వ అధ్యాయములో పౌలు హృదయముమీది వ్రాతనుగూర్చి చెప్పుచున్నాడు. ఆ వ్రాత వారియందును కలదు. వ్రాసినవాడెవడు అన్నదే మన ప్రశ్న.

అక్క యింట ఆయన రోగము ముదిరెను. తనకు జరుగుచున్న ఉపచారమే మరియొక పేదరోగికిని జరుగవలెనని, ఒకనిని ఆ యింటికే తెమ్మని వేడుకొనెను. అది కుదరలేదు. అట్లయిన తన్ను బాగుకాని రోగుల ఆసుపత్రికి చేర్చి, పేదల మధ్య చనిపోనిమ్మనెను. వైద్యులు ఒప్పుకొనలేదు. 1662 ఆగస్టు 19న, 39 యేండ్ల ప్రాయమున, అక్క యింటనే ఆయన ప్రభువునందు నిద్రించెను.