సవరబాలుర గురువు గిడుగు రామమూర్తి పంతులుగారు

దానములలో విద్యాదానము మిన్న యని పెద్దలందురు. అయితే ఒజ్జ పలుకు శిష్యునకు బోధపడనిచో, లేదా చెవికే సోకనిచో, ఆ దానము చేరినదని యెట్లనగలము? ఈ ప్రశ్నకు తమ జీవితముచే సమాధాన మొసగినవారు రావుసాహెబు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారికభాషోద్యమ నాయకులుగా వారిని ఎఱుగని యాంధ్రుడు లేడు. వారి జన్మదినము తెలుగు భాషా దినోత్సవముగా జరుపబడుచున్నది. బడికి వెలియైన పిల్లల కొఱకు వారు పడిన శ్రమ మాత్రము తగినంతగా స్మరింపబడుట లేదు. మహనీయులను కులమునుబట్టి పంచుకొనుట మాకు సమ్మతము గాదు. మన సంఘము నేర్వదగిన పాఠము వారి చరితమున గలదు గనుక ఈ సంచికకు దీనిని వ్రాయుచున్నారము.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగ క్షేత్రసమీపమున వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యముననే పితృవియోగము కలిగెను. విజయనగరమున మహారాజావారి పాఠశాలలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలయందు ఉపాధ్యాయులైరి. ఉద్యోగము చేయుచునే స్వయంకృషిచే పట్టపరీక్షయందు ఉత్తీర్ణులైరి. ప్రాచీన లిపులు నేర్చి ముఖలింగాలయ శాసనములను పరిశోధించిరి.

పర్లాకిమిడికి చేరువ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతోగాని ఓఢ్రముతోగాని దానికి పుట్టుకచే సంబంధము లేదు. అట్టి బాలుడు బడిలో కూర్చున్నను పాఠము వానికి వట్టి ధ్వనిమాత్రమే. భాష తెలియకపోవుటను చూచువారు బుద్ధిమాంద్యముగా నెంచుట సులభము. పంతులుగారు లోపమును బాలునియందు వెదకక బోధనయందు వెదకిరి. తెలుగెఱిగిన యొక సవరను తమ యింట నుంచుకొని యా భాష నభ్యసించిరి. పిమ్మట ఏండ్ల తరబడి కొండలెక్కి, సవరల నడుమ మెలగి, పదములను కథలను పాటలను సేకరించిరి. సవరభాషలో వాచకములు రచించి, సొంత ధనముతో బడులు పెట్టి, ఆ పిల్లలకు వారి పలుకులోనే చదువు చెప్పించిరి. ఆ పుస్తకములకై మద్రాసు ప్రభుత్వమువారు పారితోషిక మీయబూనగా స్వీకరింపక, ఆ ధనముతో సవరలకు బడి పెట్టవలసినదిగా కోరిరి. 1913లో వారికి రావుసాహెబు బిరుదము లభించెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర ఆంగ్ల నిఘంటువును ప్రకటితములయ్యెను.

ఈ తపస్సునకు వారు చెల్లించిన వెల తక్కువది గాదు. మన్యపు జ్వరమునకై సేవించిన క్వినైను వలన వినికిడి శాశ్వతముగా పోయెను. పరుల మాటకు చెవి యొగ్గి భాష నేర్చిన గురువునకే చెవులు మూతపడెను. అయినను పరిశోధన విడువలేదు, వాదము మానలేదు.

బడిపుస్తకములు వాడుకభాషలో నుండవలెనని వారు పట్టుపట్టుటకు మూలము గూడ ఇదియే. 1919లో ఆరంభించిన తమ 'తెలుగు' పత్రికలోను, సభలలోను పూర్వకవుల ప్రయోగములే ప్రమాణములుగా చూపి పండితులను నిలదీసిరి. సంస్కృత వ్యాకరణము వల్లించి పెరిగిన మావంటివారికి ఆ వాదము రుచింపకపోవచ్చును. ఈ పంక్తులను సైతము మేము గ్రాంథికముననే వ్రాయుచున్నారము. కాని పండితసభకు దగిన శైలి వేఱు, పసివానికి దగిన పలుకు వేఱు. బాలునకు తెలిసినదా లేదా యనునదే బోధనకు ఒరగల్లు. ఈ విషయమున పంతులుగారిదే పైచేయి.

1936లో ఓఢ్రరాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, అన్ని యేండ్ల నివాసమును విడిచి రాజమహేంద్రవరమునకు తరలిరి. 1940 జనవరి 22వ తేదీన కీర్తిశేషులైరి. కుమారులు సీతాపతిగారు తండ్రి చేపట్టిన సవరభాషాకృషిని కొనసాగించిరి.

నేడు విద్యావేత్తలు సమ్మిళిత విద్య యనునది ఈ మార్గమునకు సమీపమైనదే. వైకల్యము గల పిల్లలును లేని పిల్లలును కలిసి చదువవలెననియు, బోధనాపద్ధతిని వారి యవసరములకు దగినట్లు మలచవలెననియు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది.

దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వఱకు దారి పొడవునను శిక్షణాలయముల ఫలకములు, వానిపై ప్రథమశ్రేణి విద్యార్థుల చిత్రములు కానవచ్చును. మన సభలలోను బహుమతులు అట్టివారికే చెందుచున్నవి. అది తగినదే. కాని మన యిండ్లలో వినికిడి లేని బాలిక, చూపు లేని బాలుడు, నిదానముగా నేర్చు పిల్లవాడు లేరా? చుట్టము వచ్చినపుడు వారిని లోపలిగదిలో నుంచు తలిదండ్రులు లేరా? వారి పేర్లు మన విద్యార్థి పట్టికలకు ఎక్కుట లేదు.

కావున పోషకమహాశయులకు మా విన్నపము. విద్యానిధిలో కొంత భాగమును ఈ పిల్లలకై ప్రత్యేకింపుడు. వినికిడి యంత్రములకు, బ్రెయిలీ పుస్తకములకు, సైగభాష నెఱిగిన యుపాధ్యాయుల వేతనములకు దానిని వినియోగింపుడు. ఆ నిధి మన కులము వారికే పరిమితము గాకుండుట మఱియు మేలు. పంతులుగారు పెట్టిన బడి తమవారి పిల్లలకొఱకు గాదు గదా. వచ్చు సంవత్సరపు సభకు అట్టి బాలబాలికలను వెంటబెట్టుకొని వచ్చి ముందు వరుసలో కూర్చుండబెట్టుడని తలిదండ్రులను ప్రార్థించుచున్నారము.