23 ఓటముల తర్వాతి ఏడాది

ప్రోగ్రెస్ కార్డులు మీ చేతికి అందిన ఈ నెలలో, ఒక ఆటగాడి గురించి చెప్పాలనిపించింది.

హెమింగ్వే నవల 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ'లో ముసలి జాలరి, కుర్రవాడు బేస్‌బాల్ గురించి మాట్లాడుకుంటారు. బేస్‌బాల్ మేనేజర్లలో లూకే గొప్పా, మైక్ గొంజాలెజ్ గొప్పా అని కుర్రవాడు అడుగుతాడు. డిగ్రీలో ఆ పేర్లు దాటేసి చదివాను. పోయినేడు క్లాసులో ఒక అమ్మాయి లూకే ఎవరు మేడమ్ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. దసరా సెలవుల్లో వెతికాను.

అడాల్ఫో లూకే 1890లో క్యూబా రాజధాని హవానాలో పుట్టారు. ఆయన పిచ్చర్, అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. ఒక తేడా ఉంది. క్రికెట్‌లో ఓడితే జట్టు ఓడినట్టు. బేస్‌బాల్‌లో ప్రతి మ్యాచ్ గెలుపూ, ఓటమీ ఒక్కో పిచ్చర్ పేరు మీద రాస్తారు. సొంత బ్యాటర్లు పరుగులు చేయకపోయినా ఆ ఓటమి అతని ఖాతాలోకే పోతుంది.

1914లో బోస్టన్ జట్టు అవకాశం ఇచ్చింది గానీ ఎక్కువ ఆడించలేదు. మళ్లీ చిన్న లీగులకు వెళ్లి, 1918లో సిన్సినాటి రెడ్స్‌కు వచ్చారు. మరుసటి ఏడాదే వరల్డ్ సిరీస్‌లో ఆడిన తొలి లాటిన్ అమెరికన్ అయ్యారు.

1922లో లూకే 13 గెలిచి 23 ఓడారు. లీగ్ మొత్తంలో అన్ని ఓటములు ఇంకెవరికీ లేవు. విచిత్రం ఏమిటంటే ఆ ఏడాది రెడ్స్ రెండో స్థానంలో నిలిచింది, ఆయన ఇచ్చిన పరుగుల సగటు కూడా లీగ్ సగటు కంటే తక్కువే. ఆ 23 అనే అంకె ఒక్కటే చూసి ఉంటే ఆయన్ని ఇంటికి పంపేసేవారు. రెడ్స్ ఉంచుకుంది. 1923లో 27 గెలుపులు, 8 ఓటములు, సగటు 1.93. గెలుపుల్లోనూ, సగటులోనూ లీగ్‌లో ఆయనే మొదటివాడు.

అదే ఏడాది ఇంకోటి జరిగింది, దాచను. ప్రత్యర్థి జట్టు బెంచి నుంచి ఎగతాళి చేస్తుంటే బంతి, గ్లవ్ కింద పెట్టి వెళ్లి కొట్టారు. ఎగతాళి చేసింది ఒకరైతే దెబ్బ తిన్నది కేసీ స్టెంగెల్ అని చెబుతారు. కోపం ఆయనకు జీవితమంతా ఉంది.

సీజన్ అయ్యాక హవానా ఊరేగింపు చేసి కారు బహుమతిగా ఇచ్చింది. ఆ జనంలో హోసే మెండెజ్ కనిపించారనీ, ఈ కారు నిజానికి మీకు రావాల్సిందని లూకే ఆయనతో అన్నారనీ ఒక కథ ఉంది. 1908లో హవానా వచ్చిన ఇదే సిన్సినాటి జట్టును ఒకే ఒక్క హిట్‌తో కట్టడి చేసిన పిచ్చర్ మెండెజ్. కానీ ఆయన నల్లవాడు. అమెరికా పెద్ద లీగుల్లో 1947 దాకా నల్లవారికి తలుపు తెరుచుకోలేదు. లూకే చర్మం తెల్లగా ఉండటం వల్లే ఆ తలుపు దాటగలిగారు. ఆయన ప్రతిభ ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

1933 వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్‌కి ఆయనకు 43 ఏళ్లు, న్యూయార్క్ జెయింట్స్‌లో ఉన్నారు. స్కోరు సమంగా ఉన్నప్పుడు మధ్యలో దించారు. నాలుగు ఇన్నింగ్స్‌కు పైగా వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. పదో ఇన్నింగ్స్‌లో మెల్ ఆట్ హోమ్ రన్ కొట్టడంతో 4-3తో గెలిచి జెయింట్స్ చాంపియన్ అయింది.

మొత్తం 194 గెలుపులు, 179 ఓటములు. తర్వాత కోచ్‌గా, మేనేజర్‌గా చాలా ఏళ్లు పనిచేశారు. సాల్ మాగ్లీ అనే పిచ్చర్‌కు 28 ఏళ్లు వచ్చాక గానీ పెద్ద లీగులో చోటు దొరకలేదు. బ్యాటర్ ఒంటికి దగ్గరగా, భయం పుట్టేలా బంతి వేయడం అతనికి నేర్పింది లూకేనే. 1951లో మాగ్లీ 23 మ్యాచ్‌లు గెలిచాడు.

హెమింగ్వే నవల 1952లో వచ్చింది. లూకే 1957లో హవానాలోనే కన్నుమూశారు. కుర్రవాడి ప్రశ్నకు ముసలాయన చెప్పే జవాబు ఇద్దరూ సమానమేనని. సెలవులు అయ్యాక ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. మరి మెండెజ్ పేరు ఆ పుస్తకంలో ఎందుకు లేదు మేడమ్ అని అడిగింది.