రేకు గదిలో ఫారడే

మైకేల్ ఫారడే 1791లో లండన్ దగ్గర ఒక కమ్మరి ఇంట పుట్టారు. బడి చదువు చదవడం, రాయడం, లెక్కల వరకే. పద్నాలుగో ఏట బైండింగ్ షాపులో చేరారు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నారు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, తానే బైండ్ చేసి ఆయనకు పంపారు. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడయ్యారు.

1836లో 12 అడుగుల గదికి రాగి తీగ, తగరపు రేకు చుట్టించి, తానే లోపలికి వెళ్లారు. యంత్రంతో విద్యుత్తు ఎక్కిస్తే బయట నిప్పురవ్వలు. లోపల ఎలక్ట్రోమీటరు కదలనే లేదు. (ఆ ధైర్యం మాకు లేదు!)

ల్యాబులో మా యాంప్లిఫయరు గుయ్యిమంటుంటే రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను గ్రౌండుకు కలిపాం. రొద చాలావరకు తగ్గింది. మిగిలింది పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం వల్ల. మారే క్షేత్రం తీగలో కరెంటు పుట్టిస్తుందని 1831లో చూపింది కూడా ఫారడేనే. దానికి పలుచని రేకు చాలదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరం జరిపి, జంట తీగలను మెలిపెట్టాం.