తన తప్పును తానే లిఖించిన కెప్లరు

పనిచేయు మానవునకు పొరపాటు సహజము. రైతు అదను తప్పి విత్తవచ్చును. గుమాస్తా కూడిక తప్పవచ్చును. ఉపాధ్యాయుడు శ్లోకార్థమును వేరుగా చెప్పవచ్చును. తప్పు తెలిసిన పిమ్మట అతడేమి చేయుననునదే అసలు పరీక్ష. కొందరు దానిని కప్పిపుచ్చుదురు. కొందరు ప్రక్కవాని మీదికి నెట్టుదురు. మరికొందరు మూడవ కంటివానికి తెలియకుండ దిద్దుకొని మిన్నకుందురు. తన తప్పును నలుగురి యెదుట నిలిపి, ఇదిగో నేనిచ్చట త్రోవ తప్పితినని చూపువారు మిక్కిలి అరుదు. అట్టి అరుదైన మహనీయులలో జర్మనీ దేశీయుడగు జ్యోతిశ్శాస్త్రవేత్త జోహానెస్ కెప్లరు ఎన్నదగినవాడు.

కెప్లరు 1571వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన వైల్ డెర్ స్టాట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి కూలికి యుద్ధము చేయు సిపాయి. కొంతకాలమునకు ఇల్లు విడిచి వెడలిపోయి మరల రాలేదు. శైశవమున సోకిన మశూచి వలన బాలుని చూపు మందగించెను. ఆకాశమును చదువవలసినవానికి కన్నులే బలహీనములయ్యెను. అయినను బుద్ధిసూక్ష్మతచే విద్యార్థి వేతనములు పొంది ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున చేరి, మతాచార్యుడు కావలెనను తలంపుతో చదువుచు, మేస్ట్లిన్ అను గురువు వలన సూర్యుడే కేంద్రమను కోపర్నికసు సిద్ధాంతమును గ్రహించెను.

చదువు ముగియకమునుపే, 1594లో, ఆయనను ఆస్ట్రియా దేశమునందలి గ్రాట్జ్ నగరమునకు గణితోపాధ్యాయునిగా పంపిరి. పాఠశాలలో పాఠము చెప్పుటయు, ఏటేట పంచాంగమును సిద్ధపరచుటయు ఆయన విధులు. మొదటి సంవత్సరము ఆయన తరగతికి వచ్చిన పిల్లలు కొలదిమంది. రెండవ సంవత్సరము ఒక్కడును లేడు. 1595 జులైలో ఒకనాడు పాఠము చెప్పుచుండగా ఆయనకొక ఊహ మెరసెను. నాడు తెలిసిన గ్రహములారు, సమముఖములుగల ఘనరూపములైదు. ఆరు గ్రహముల నడుమనున్న ఐదు ఎడములందు ఈ ఐదు ఘనరూపములు ఇమిడియున్నవని ఆయన తలచెను. ఈ ఊహను 1596లో గ్రంథముగా వెలయించెను. అందముగానున్న ఊహయే గాని నిజము కాదు. అయినను ఆ గ్రంథము వలననే యువకుడైన ఉపాధ్యాయుని పేరు పండితలోకమునకు తెలిసెను.

1600వ సంవత్సరమున మతకారణముచే గ్రాట్జ్ నుండి వెడలగొట్టబడిన కెప్లరు, ప్రాగ్ నగరమున రాజజ్యోతిష్కుడైన టైకో బ్రాహేను ఆశ్రయించెను. దూరదర్శిని పుట్టని ఆ కాలమున వట్టి కంటితో, పెద్ద పెద్ద యంత్రముల సాయమున, టైకో పలు సంవత్సరములు గ్రహస్థానములను కొలిచి వ్రాసియుంచెను. అంగారక గ్రహపు నడక ఎవరికిని అంతుపట్టకుండెను. ఆ లెక్కను ఎనిమిది దినములలో తేల్చెదనని కెప్లరు పలికెను. అది తేలుటకు దాదాపు ఐదేండ్లు పట్టినది. ఈలోగా 1601 అక్టోబరులో టైకో మరణింపగా, చక్రవర్తి రెండవ రుడాల్ఫు ఆ పదవిని కెప్లరునకే ఇచ్చెను. పదవి గొప్పదే, జీతము మాత్రము సరిగా అందెడిది కాదు.

గ్రహములు వృత్తమార్గముననే తిరుగునని రెండువేల యేండ్లుగా లోకము నమ్ముచుండెను. కెప్లరును అట్లే నమ్మి, అంగారకుని కొక వృత్తము గీచి, డెబ్బది పర్యాయములు లెక్కలు వేసి, టైకో కొలతలలో పెక్కింటితో అది సరిపోవునట్లు చేసెను. కాని మరికొన్ని కొలతలతో పోల్చగా ఎనిమిది కళల తేడా కనబడెను. వృత్తమును 360 భాగములు చేయగా అందొక భాగమున అరువదవ వంతునకు మన పంచాంగకర్తలు కళ యని పేరిడిరి. ఎనిమిది కళలనగా ఆకాశమున పూర్ణచంద్రుని వెడల్పులో ఇంచుమించు నాల్గవ వంతు. పూర్వులైనచో ఆపాటి తేడాను లెక్కింపకుందురు. కొలిచినవాని పొరపాటని తోసివేయుటయు సులభమే. కొలిచినవాడు అప్పటికి జీవించియు లేడు.

కెప్లరు అట్లు చేయలేదు. టైకో అంత తప్పు చేయువాడు కాడని ఆయన ఎరుగును. కావున తప్పు తనదేయని నిశ్చయించుకొని, సంవత్సరములు శ్రమించి కట్టిన లెక్కను స్వహస్తములతో పడగొట్టెను. పిదప అండాకారమును పరీక్షించెను, అదియు పొసగలేదు. ఆయన మిత్రుడును ఖగోళ పరిశీలకుడును అగు డేవిడ్ ఫాబ్రిసియసు, ఆ లెక్కలలోని దూరములు కుదురుట లేదని లేఖలు వ్రాసెను. తుదకు 1605లో అంగారకుని మార్గము దీర్ఘవృత్తమనియు, సూర్యుడు దాని మధ్యబిందువున గాక ఒక నాభియందుండు ననియు తేలెను. అంతకుముందే ఒకమారు సరియైన సూత్రము చేతికి చిక్కగా, దానిని పారవైచి వేరొక త్రోవను తిరిగి వచ్చి, రెండును ఒక్కటేయని పిమ్మట గ్రహించెను.

1609లో వెలువడిన నూతన జ్యోతిశ్శాస్త్ర గ్రంథమున కెప్లరు ఈ కథనంతయు దాచక వ్రాసెను. ఇతర పండితులు ఫలితమును మాత్రము ప్రకటించి, తాము తొట్రుపడిన చోటులను మరుగుపరచెడివారు. కెప్లరు తాను పోయిన తప్పుత్రోవలను, వృథయైన లెక్కలను, చేతికందిన సత్యమును విడిచిపెట్టిన తన అవివేకమును అధ్యాయముల తరబడి వివరించెను. ఫాబ్రిసియసు తనకంటె ముందే సత్యమును చేరుటకు కొంచెములో తప్పినదనియు అందే ఒప్పుకొనెను. సముద్రములు దాటిన నావికులు తాము దారి తప్పిన వృత్తాంతములను చెప్పినచో లోకము ఆసక్తితో వినును గదా, తన వృత్తాంతమును అట్టిదేయని ఆయన భావము. దీని వలన కలిగిన మేలేమనగా, ఆ ఫలితము ఎట్లు వచ్చినదో చదువరి అడుగడుగునను స్వయముగా పరీక్షించుకొనవచ్చును. తప్పుత్రోవ తెలిసినవాడు దానిని మరల త్రొక్కడు.

ఇంకొక పొరపాటు ఇంతకంటె బహిరంగమైనది. 1607 మే 28న సూర్యబింబముపై ఒక నల్లని చుక్కను చూచి, బుధగ్రహము సూర్యుని కడ్డముగా పోవుచున్నదని కెప్లరు భావించెను. 1609లో ఆ సంగతిని అచ్చువేయించెను. కొలది కాలమునకే దూరదర్శిని వచ్చినది. సూర్యునిపై మచ్చలు గలవని తేలినది. ఆ మచ్చలను గూర్చిన మొదటి పుస్తకమును 1611లో ప్రకటించినవాడు ఆ ఫాబ్రిసియసు కుమారుడే. చక్రవర్తి కొలువున నున్న జ్యోతిష్కునకు ఇది తలవంపు కాదా? పాత సంగతియని ఊరకుండవచ్చును. కాని కెప్లరు తాను చూచినది బుధుడు కాదు, సూర్యునిపై మచ్చయేయని తన గ్రంథముననే ప్రకటించి దిద్దుకొనెను.

ఆయన జీవితమున సుఖములు తక్కువ. 1611లో ప్రాగ్ నగరమున యుద్ధము చెలరేగెను. ఆ యేడే భార్యయు, ఒక కుమారుడును మరణించిరి. 1612లో లిన్జ్ నగరమునకు తరలిపోయెను. 1615లో వృద్ధురాలైన తల్లిపై మంత్రగత్తెయను నింద పడెను. ఆమెను సంకెలలతో చెరయందుంచగా, కుమారుడు స్వయముగా పోయి వాదించి, 1621లో విడిపించుకొని వచ్చెను. ఈ కష్టముల నడుమనే 1618 మార్చి 8న ఆయన కొక సూత్రము తోచినది. గ్రహము సూర్యుని చుట్టివచ్చు కాలపు వర్గము, సూర్యునినుండి దాని సగటు దూరపు ఘనముతో అనుపాతమున నుండుననునదే అది. కాని లెక్కలో తప్పు దొర్లుటచే అది అసత్యమని తోసివేసెను. మే 15న మరల చూడగా నిజమని తేలినది. 1619లో గ్రంథము వ్రాయునపుడు రెండు తేదీలను పేర్కొని, నడుమ తన లెక్క తప్పిన సంగతియు చేర్చెను. మొదటి తేదీని మాత్రమే వ్రాసినను అడుగువారు లేరు.

1621లో, తాను యువకుడుగా నున్నపుడు వ్రాసిన తొలి గ్రంథమును మరల ముద్రింపవలసి వచ్చెను. తప్పులనన్నిటిని తుడిచివేసి క్రొత్తగా వ్రాయుట ఎవరైనను చేయు పని. కెప్లరు పాత మాటలను ఉన్నవి యున్నట్లే ముద్రింపించి, ఇచ్చట పొరబడితిని, ఇచ్చట తెలియక వ్రాసితినని అధ్యాయముల క్రింద వివరణలు చేర్చెను. అయినను ఐదు ఘనరూపముల ఊహపై మమకారము ఆయనను తుదివరకు పూర్తిగా విడువలేదు. తన తప్పులనన్నిటిని తానే కనుగొనుట ఎంతటివానికిని సాధ్యము కాదు. తెలిసినదానిని దాచకుండుట మాత్రము ఎవరికైనను సాధ్యమే.

టైకో కొలతల ఆధారమున కెప్లరు కట్టిన గ్రహగణిత పట్టికలు 1627లో ఉల్మ్ నగరమున అచ్చుపడెను. వానినిబట్టి 1631 నవంబరు 7న బుధుడు సూర్యబింబమును దాటునని 1629లో ఆయన ప్రకటించెను. ఒకమారు బుధుని విషయమున పొరబడినవాడు గనుక, తన లెక్క కొంత తప్పవచ్చునని తలచి, ముందునాడును మరునాడును గూడ కనిపెట్టియుండుడని పండితులకు సూచించెను. ఆ దినమును చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. రావలసిన జీతపు బాకీల కొరకు రేగెన్స్‌బర్గ్ నగరమునకు పోయి, జబ్బుపడి, 1630 నవంబరు 15న కన్నుమూసెను. యుద్ధములలో ఆయన సమాధియు రూపుమాసిపోయినది.

మరుసటి యేడు చెప్పిన దినముననే పారిస్ నగరమున గాసెండీ అను పండితుడు సూర్యబింబముపై ఒక చిన్న నల్లని చుక్కను చూచెను. అది అనుకొన్నదానికంటె మిక్కిలి చిన్నదగుటచే తొలుత సూర్యునిపై మచ్చయేమో యని భ్రమించి, అది త్వరగా కదలుట చూచి బుధుడేయని నిశ్చయించెను. నాడు కెప్లరు మచ్చను చూచి బుధుడనుకొనెను. నేడు గాసెండీ బుధుని చూచి మచ్చ యనుకొనబోయెను. పండితుడు నెమ్మదిగా పరీక్షించి సత్యమును పట్టుకొనెను. కెప్లరు లెక్కయు నిలిచినది.

పాఠకులారా! తప్పు ఒప్పుకొన్నందున కెప్లరు పేరు తగ్గలేదు. ఎనిమిది కళల తప్పును ఎదుటివానిపై త్రోసినచో గ్రహముల నిజమైన త్రోవ ఆయనకు దొరకెడిదే కాదు. మన ఇంటి లెక్కలందును, అంగడియందును, పాఠశాలయందును, మఠముల జమాఖర్చులందును పొరపాటు కనబడినపుడు, ఎవరో కనిపెట్టువరకు ఆగక, తెలిసిన నాడే సంబంధించినవారికి చెప్పి దిద్దుకొందుము గాక. చేసిన కాయకము పరులకు ఉపకరింపవలెనన్నచో అందలి తప్పొప్పులు రెండును వారికి తెలియవలెను గదా!