కదళీవనమున అక్క మహాదేవి

శివశరణుల చరిత్రలో అక్క మహాదేవి స్థానము విశిష్టమైనది. 12వ శతాబ్దమున కన్నడదేశమునందు జన్మించి, తెలుగునేలపైని శ్రీశైలమున లింగైక్యము నొందిన ఆ మహాశరణి వైరాగ్యమును అందరును కొనియాడుదురు. రాజభోగమును తృణప్రాయముగా విడిచినదని చెప్పుకొందురు. అది సత్యమే. కాని ఆమె విడిచినదానిని మాత్రమే లెక్కించి, స్వీకరించినదానిని మరచినచో ఆ జీవితము సగమే తెలిసినట్లగును. తనదనునది ఏమియు లేని ఆ యువతి నేలను, నీటిని, నీడను స్వామి ప్రసాదముగా స్వీకరించి జీవించినది.

మహాదేవి జన్మస్థలము ఉడుతడి. అది నేటి కర్ణాటకములోని శివమొగ్గ జిల్లాలో శికారిపురమునకు సమీపమున నున్నది. తల్లిదండ్రులు సుమతి, నిర్మలశెట్టి అని సంప్రదాయము. బాల్యముననే గురూపదేశము నొంది, ఆమె చెన్నమల్లికార్జునుని తన పతిగా భావించెను. మల్లిక యనగా మల్లెపూవు. అర్జున మనగా మద్దిచెట్టు. జీవితాంతము ఆమె జపించిన నామమునందే ఒక పూవును, ఒక వృక్షమును ఇమిడియున్నవి.

ఆ దేశపు రాజైన కౌశికుడు మహాదేవి సౌందర్యమును చూచి మోహించెను. ఆమె నిరాకరించినచో తల్లిదండ్రులకు రాజాగ్రహము తప్పని స్థితి యేర్పడెను. తన శివపూజకు, జంగమసేవకు అడ్డు రారాదను నియమములతో వివాహము జరిగెననియు, రాజు వానిని ఉల్లంఘించుటచే ఆమె వెడలిపోయెననియు హరిహరకవి తన రగళెలో వర్ణించెను. చామరసు రచించిన ప్రభులింగలీలెలో మాత్రము వివాహము జరుగలేదు. కథ ఏ రీతిగ నున్నను ఫలిత మొక్కటియే. కట్టుబట్టను సైతము త్యజించి, కేశములనే ఆచ్ఛాదనముగా చేసికొని, అరచేతి ఇష్టలింగముతో ఆమె ఏకాకినియై బాట పట్టెను.

ఆ బాట సుఖమైనది కాదు. ఒంటరిగా సంచరించు పడుచును లోకము ఏ కన్నుతో చూచునో చెప్పనక్కరలేదు. అట్టి స్థితిలో ఎవరికైనను లోకముపై ద్వేషము పుట్టవచ్చును. మహాదేవికి అది కలుగలేదు. ఆకలి వేసినచో ఊరిలో భిక్షాన్న మున్నది. దప్పిక కలిగినచో చెరువులు, వాగులు, బావు లున్నవి. నిద్రకు పాడుపడిన గుడు లున్నవి. ఆత్మకు తోడుగా స్వామి యున్నాడు. ఆమె వచనములలో కానవచ్చు లెక్క ఇదియే. లేనివానికై వగచుటకు ఆ లెక్కలో చోటు లేదు. మహారాజు ఇవ్వజూపిన సంపదకు ప్రతిగా ఆత్మార్పణము చేయవలసియుండెను. వాగు ఇచ్చిన నీటికి ప్రతిగా దోసిలి యొగ్గుటయే చాలును. ఈ భేదమును గ్రహించిన హృదయమునకు దారిద్ర్యమనునది లేదు.

మహాదేవి కల్యాణము చేరెను. బసవేశ్వరుని నాయకత్వమున శరణులు సమావేశమగు అనుభవ మంటపమున అల్లమ ప్రభువు ఆమెను కఠినముగా పరీక్షించెను. వస్త్రమును విడిచినదానవు కేశములతో దేహమును కప్పికొనుట యేల యని ప్రశ్నించెను. లోపల పండు పరిపక్వము కానిదే పైతొక్క తన నిగ్గును వీడదను దృష్టాంతముతో మహాదేవి వినయముగా సమాధానము చెప్పెను. పండితసభలో ఆమెకు అక్కరకు వచ్చినది శాస్త్రవాక్యము కాక, చెట్టున పండిన పండు. సభ తలవంచెను. వయస్సున చిన్నదైనను ఆమె నాటినుండి అందరికిని అక్క యయ్యెను.

కల్యాణమునుండి ఆమె శ్రీశైలమునకు పయనమయ్యెను. కొండలు, లోయలు, మారేడు, మోదుగ, వెదురుపొదలు, పెద్దపులులు, ఎలుగుబంట్లుగల నల్లమల అది. చెంచులకు అది పుట్టినిల్లు. మల్లికార్జునుని వారు చెంచు మల్లయ్యగా తమ యింటివానిగనే తలతురు. ఆ యడవిలో అక్క చిలుకలను, కోయిలలను, తుమ్మెదలను, హంసలను, నెమళ్లను పేరుపేరున పిలిచి, తన స్వామిని చూచితిరా యని అడిగెను. వేరొకచోట, వనమంతయు, అందలి తరువులును, వానిలో ఆడు ఖగమృగములును ఆ స్వామియే యని చెప్పెను. మొదట పక్షిని దారి యడిగిన ఆమెకు, తుదకు ఆ పక్షియే గమ్యముగా తోచెను. కొండపై ఇల్లు కట్టి మృగములకు భయపడుట తగదని కూడ ఆమె హెచ్చరించెను. అడవి యిచ్చు ఫలము వలెనే అడవి పెట్టు భయమును సైతము శాంతముగా స్వీకరించిననే ఆ కృతజ్ఞత నిజమైనది.

ఈ భావమునకు మూలము బసవేశ్వరుని బోధయందే కలదు. శరణునకు లభించినదంతయు ప్రసాదము. ప్రసాదమును పొందినవాడు దాసోహమునకు ఋణపడియుండును. నీడనీయని చెట్టు, పాలీయని ఆవు, దయలేని ధనము నిష్ప్రయోజనమని అక్క చెప్పిన మాటయు అట్టిదే. చెట్టు తన నీడను తాననుభవింపదు, వచ్చినవానికే ఇచ్చును. కృతజ్ఞత మాటతో తీరునది కాదు, ఇచ్చుటచే తీరునది.

పిన్న వయస్సుననే అక్క కదళీవనమున లింగైక్యము నొందెనని పెద్దలు చెప్పుదురు. ఆమె వచనములు 400 కు పైగా నేడును నిలిచియున్నవి. శ్రీశైలము నొద్ద కృష్ణాతీరమున ఆమె పేర వెలసిన గుహలను జలాశయముపై పడవలో వెళ్లి భక్తులు దర్శించుచున్నారు. నల్లమల 1983లో పులుల సంరక్షణ ప్రాంతముగా ప్రకటింపబడెను. రాష్ట్రవిభజన అనంతరము తెలంగాణలోని భాగము అమ్రాబాద్ పేర వేరయ్యెను.

అక్కను దర్శింప బోవువారు ఒక్క సంగతి స్మరింపవలెను. అక్కకు ఆ వనమే స్వామి. ప్లాస్టిక్ సంచిని లోయలో విసరి, పచ్చని కొమ్మను విరిచి, గుహలో కర్పూరము వెలిగించినచో ఆ పూజ ఎవరికి చెందును? తాగిన నీటికి నమస్కరించి, కూర్చున్న నీడను తలచుకొని, వచ్చిన చోటును వచ్చినప్పటివలెనే ఉంచి మరలుటయే ఆమెకు తగిన అర్చన. ఇంటికి తిరిగివచ్చి వాకిట ఒక మారేడు మొక్కను నాటి పోషించినచో, నీడ నిచ్చు చెట్టును మెచ్చుకొనిన ఆ తల్లి ఋణమును కొంతయైనను తీర్చుకొన్నట్లగును.

శరణు శరణార్థి.