ముప్పై ఏళ్ల దివాన్

సాలార్‌జంగ్ మ్యూజియం అనగానే మనందరికీ గుర్తొచ్చేది మ్యూజికల్ క్లాక్. గంట కొట్టే టైమ్‌కి ఫోన్లు పైకెత్తి నిలబడతాం. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది, మనమూ పోతాం. పోయిన సెలవుల్లో నేనూ అలాగే నిలబడ్డాను. ఆ 5 నిమిషాల ఎదురుచూపులో కూడా రీల్స్ చూశానని ఒప్పుకుంటున్నా. ఓపికలో నా రికార్డు అంతే. నా లాప్‌టాప్‌లో మొదలుపెట్టి వదిలేసిన ప్రాజెక్టులు 11 ఉన్నాయి.

ఆ మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్‌జంగ్. నేను చెప్పబోయేది ఆయన తాతగారు, మొదటి సాలార్‌జంగ్ గురించి. అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. మొన్నటిదాకా ఇద్దరూ ఒకరే అనుకున్నా.

ఆయన 1829లో పుట్టారు. 1853లో, 24 ఏళ్లకే, హైదరాబాద్ సంస్థానానికి దివాన్ అయ్యారు. అంతకుముందు దివాన్‌గా ఉన్న మేనమామో బాబాయో అని వెతుక్కోనక్కర్లేదు, ఆ పదవి వాళ్ల ఇంట్లో ఉన్నదే. కానీ చేతికొచ్చింది ఖాళీ ఖజానా. ఇంగ్లీషువాళ్లకి బాకీ తీర్చలేక ఆ నెలలోనే బేరార్ ప్రాంతాన్ని వాళ్ల చేతిలో పెట్టాల్సి వచ్చింది. మిగిలిన ఊళ్లలో చాలావాటి శిస్తు వసూలు కాంట్రాక్టర్ల పాలు. సర్కారుకి ఇంత అని ఒప్పుకుని, రైతు దగ్గర ఎంత వస్తే అంత పిండేవాళ్లు. కొన్ని తాలూకాలైతే వడ్డీ వ్యాపారుల దగ్గర తాకట్టులో ఉన్నాయి.

నాలాంటివాడైతే మొత్తం డిలీట్ చేసి కొత్తగా మొదలుపెడదాం అనేవాడు. ఆయన అలా చేయలేదు. నడుస్తున్న సర్వర్‌ని ఆపకుండా పాత కోడ్‌ని ఒక్కో ఫైలూ మార్చినట్టు చేశారు. అప్పు తీర్చి ఒక తాలూకా విడిపించడం, కాంట్రాక్టర్‌ని తీసేసి జీతం మీద పనిచేసే అధికారిని పెట్టడం, తర్వాత ఇంకో తాలూకా. రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టిన జిలాబందీ వచ్చేసరికి 1865 అయింది. అంటే 12 ఏళ్లు. ఈ మధ్యలోనే దారుల్ ఉలూమ్ అనే బడి పెట్టించారు. 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కి రైలు వచ్చింది.

ఇదంతా చేస్తున్న మనిషికి ఇంటి గుమ్మం దాటే స్వేచ్ఛ సరిగ్గా లేదు. నిజాం అఫ్జలుద్దౌలాకి ఆయన మీద నమ్మకం తక్కువ. ఊరి దర్వాజా దాటి బయటికెళ్లాలన్నా అనుమతి అడగాల్సిందే. 1859లో ఒకసారి, 1868లో ఒకసారి ఆయన్ని చంపాలని చూశారు. రెండుసార్లూ బతికారు, మళ్లీ పనిలోకి వెళ్లారు.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ మనుషులతో కోఠిలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. తర్వాతి కాలంలో ఉమెన్స్ కాలేజీ నడిచిన చోటు అది. అప్పుడు సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల వైపే నిలబడ్డారు. రాజ్యాన్ని కాపాడటానికి ఓపిక పట్టారని కొందరంటారు, ద్రోహం అని కొందరంటారు. తుర్రేబాజ్ ఖాన్ కథ చదివాక నాకూ కోపం వచ్చింది. ఓపిక అనే మాట వెనక భయం కూడా దాక్కోవచ్చు కదా! ఆ రోజు ఆయనలో ఏది ఎంత ఉందో నేను తేల్చలేను.

ఆయన ఇంగ్లీషువాళ్లని అడిగింది ఒక్కటే, బేరార్ తిరిగివ్వమని. 1860లో కొన్ని జిల్లాలు వెనక్కి ఇచ్చారు, 50 లక్షల బాకీ కొట్టేశారు, బేరార్ మాత్రం ఇవ్వలేదు. ఆయన అడగడం మానలేదు. 1876లో యూరప్ వెళ్లారు. రోమ్‌లో మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ కొన్నది ఆ ప్రయాణంలోనే. పారిస్‌లో పడి కాలు విరిగినా లండన్ ప్రయాణం ఆపలేదు. బేరార్ మాత్రం రాలేదు.

1869లో అఫ్జలుద్దౌలా పోయాక, మూడేళ్లు కూడా నిండని మహబూబ్ అలీ ఖాన్ నిజాం అయ్యారు. ఆ పిల్లాడి తరఫున రాజ్యం నడిపిన ఇద్దరిలో సాలార్‌జంగ్ ఒకరు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో ఆయన చనిపోయారు. వయసు 54. మహబూబ్ అలీ ఖాన్ పూర్తి అధికారం తీసుకున్నది మరుసటి ఏడాది. అదీ చూడలేదు ఆయన. 1902లో బేరార్ శాశ్వత లీజు కింద ఇంగ్లీషువాళ్లకే పోయింది.

ఓపికకి ఫలితం తప్పకుండా వస్తుందని మనకి చిన్నప్పటి నుంచి చెప్తారు. ఈయన జీవితంలో సగమే నిజమైంది. జిల్లాలు వచ్చాయి, బడి వచ్చింది, రైలు వచ్చింది, బాగా కావాలనుకున్న బేరార్ రాలేదు. అయినా 30 ఏళ్లలో ఏ రోజూ పని మధ్యలో వదిలేయలేదు. నాకు నచ్చింది అదే. ఊరికే కూర్చుని ఎదురుచూడటాన్ని నేను ఓపిక అనుకునేవాణ్ణి. ఆయన ఎదురుచూస్తూ ఊరికే కూర్చున్నది లేదు.

ఈసారి మ్యూజియంకి వెళ్తే క్లాక్ చూశాక వెంటనే బయటికి వచ్చేయకండి. రెబెకా దగ్గర కాసేపు ఆగండి. తర్వాత అక్కడికి దగ్గర్లోనే ఉన్న దివాన్ దేవిడి వైపు నడవండి. ఆయన ఉన్న ఇల్లు అదే. ఇప్పుడంతా దుకాణాలే.

నేనైతే ఆ 11 ప్రాజెక్టుల్లో ఒకటి మళ్లీ ఓపెన్ చేశాను. ఇది రాసే టైమ్‌కి ఇంకా రన్ కావట్లేదు.